థేమ్స్ నది మీద లాకులు దాటుతూ ఒక రోజంతా పడవ ప్రయాణం చేయడం ఎలా

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టి పెరిగిన వారికి లాకు అన్న మాట కొత్తది కాదు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరివ్వడమే కాక పడవలకు బాటలుగా కూడా పనికివచ్చాయి కనుక, నీటి మట్టం మెట్టులా దిగే చోటల్లా లాకులు, అంటే పడవలను కిందికి దించే, పైకి ఎక్కించే తలుపుల గదులు, కట్టవలసి వచ్చింది. ధాన్యం పడవలు, జనం పడవలు పోయినా ఊరి పేరు పక్కన ‘లాకులు’ అన్న మాట మాత్రం ఇంకా నిలిచి ఉంది. లాకు దగ్గర పడవ ఆగగానే పిల్లలందరూ గట్టు మీదికి దూకి నీరు దిగడం చూసేవారని మా నాన్నగారు చెబుతుండేవారు. ఆయన చెప్పిన దృశ్యాన్ని నేను మొదటిసారి చూసింది ఇంగ్లండులో, థేమ్స్ నది మీద. లండను పొలిమేరలోని టెడింగ్టన్ నుంచి ఎగువన లెచ్‌లేడ్ వరకు ఆ నది మీద 44 లాకులు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పడవను అద్దెకు తీసుకుని ఎవరైనా స్వయంగా నడుపుకుంటూ వాటిని దాటవచ్చు. ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఈ పని నిశ్చింతగా చేయగలరన్న నమ్మకంతో, ఆక్స్‌ఫర్డ్ నుంచి వాలింగ్‌ఫర్డ్ వరకు ఏడు లాకులు దాటే ఒక రోజు ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుని ఇది రాస్తున్నాను.

లాకు పని తీరు

నదికి అడ్డంగా ఆనకట్ట కట్టినప్పుడు ఎగువన నీరు ఎత్తుగా, దిగువన పల్లంగా ఉంటుంది. పడవ ఆనకట్ట మీదుగా దిగలేదు కాబట్టి దాని పక్కనే రాతి గోడలతో పొడవాటి తొట్టి వంటి గది కట్టి, దానికి ఎగువన ఒక జత, దిగువన ఒక జత తలుపులు పెడతారు. దిగువకు వెళ్లే పడవ నీరు నిండుగా ఉన్న గదిలోకి ఎగువ తలుపుల గుండా వస్తుంది. ఆ తలుపులు మూసి, దిగువ తూములు తెరిస్తే గదిలోని నీరు మెల్లగా బయటికి పోయి, పడవ దానితో పాటే దిగుతుంది. లోపలి నీరు, బయటి నీరు సమానమైనప్పుడు దిగువ తలుపులు తేలికగా తెరుచుకుంటాయి. రెండు వైపుల నీటి మట్టం ఒకటి కానంత వరకు తలుపులు తెరవడానికి ఎంత బలం పెట్టినా ప్రయోజనం ఉండదు. ఈ పద్ధతికి ఎక్కడా పంపు అవసరం లేదు, నది తన బరువుతో తానే పని చేస్తుంది. థేమ్స్ మీద ఇటువంటి లాకుల్లో మొదటివి ఆక్స్‌ఫర్డ్ పక్కనే, ఇఫ్లీ, శాండ్‌ఫర్డ్ అనే చోట్ల 1630ల ప్రాంతంలో కట్టారు. మీ ప్రయాణంలో ముందుగా తగిలేవి ఆ రెండే.

దారి, సమయం ముందుగా లెక్క వేసుకోండి

ఆక్స్‌ఫర్డ్‌లోని ఫాలీ బ్రిడ్జి నుంచి వాలింగ్‌ఫర్డ్ వంతెన వరకు నది మీద దాదాపు 34 కిలోమీటర్లు. మధ్యలో ఇఫ్లీ, శాండ్‌ఫర్డ్, ఆబింగ్డన్, కల్లమ్, క్లిఫ్టన్, డేస్, బెన్సన్ అన్న ఏడు లాకులు వరుసగా వస్తాయి. నది మీద గంటకు 8 కిలోమీటర్లకు మించి వెళ్లకూడదన్నది నియమం. గట్టున లంగరేసిన పడవల పక్క నుంచి వెళ్లేటప్పుడు అంతకన్నా నెమ్మదిగానే పోవాలి కనుక, గంటకు ఆరు కిలోమీటర్లని లెక్క వేసుకోవడం మంచిది. ఆ లెక్కన నడక ఆరు గంటలకు కొంచెం తక్కువ. ఒక్కో లాకుకు ఎదురుచూపుతో కలిపి ఇరవై నిమిషాలు వేసుకుంటే రెండు గంటల పైచిలుకు అవుతుంది. భోజనానికి ముప్పావు గంట కలిపితే మొత్తం తొమ్మిది గంటల రోజు. వేసవి ఆదివారాల్లో లాకు ముందు పడవలు బారులు తీరి ఉంటాయి కాబట్టి అప్పుడు ఇంకో గంట అదనంగా ఉంచుకోండి.

ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే మధ్యాహ్నం పన్నెండు లోపల ఆబింగ్డన్ చేరి, సాయంత్రం ఆరు ప్రాంతంలో వాలింగ్‌ఫర్డ్ రేవులో పడవ కట్టేయవచ్చు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుందన్న ధైర్యంతో ఆలస్యంగా బయలుదేరే వారుంటారు గానీ, అది సరైన లెక్క కాదు, ఎందుకంటే సాయంత్రం అయ్యేసరికి లాకుల దగ్గర సిబ్బంది వెళ్లిపోతారు, అలసిన చేతులతో చివరి రెండు లాకులు మీరే నడుపుకోవలసి వస్తుంది.

ఇలా ఒక ఊరి నుంచి మరో ఊరికి ఒకే దిశలో వెళ్లాలంటే వారానికో, మూడు నాలుగు రోజులకో అద్దెకిచ్చే, లోపలే పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న పడవ కావాలి. ఒక్క రోజుకు ఇచ్చే చిన్న పడవను తీసుకున్న చోటే తిరిగి అప్పగించాలి కాబట్టి, అటువంటి పడవతో ఆబింగ్డన్ దాకా వెళ్లి వెనక్కి రండి. మూడు లాకులు రెండేసి సార్లు దాటినట్టవుతుంది, దిగడం, ఎక్కడం రెండూ తెలుస్తాయి. మొదటిసారి వెళ్లేవారికి నేను ఇదే సూచిస్తాను.

బయలుదేరే ముందు

మొదట నది ఎలా ఉందో చూడండి. థేమ్స్ మీద లాకుల నిర్వహణ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంది. ఏ రెండు లాకుల మధ్య ప్రవాహం ఎలా ఉందో ఆ సంస్థ తన వెబ్‌సైటులో పెడుతుంది, లాకుల దగ్గర బోర్డులు కూడా పెడుతుంది. పసుపు బోర్డు ఉంటే ప్రవాహం పెరుగుతున్నదనో తగ్గుతున్నదనో అర్థం. ఎర్ర బోర్డు ఉంటే ప్రవాహం బలంగా ఉన్నదని, పడవలు కదలకుండా ఉండడం మంచిదని అర్థం. ఎర్ర బోర్డు ఉన్న రోజున, ఎన్ని నెలల ముందు డబ్బు కట్టి ఉన్నా, ఎంత దూరం నుంచి వచ్చినా, వెళ్లకండి. పైకి నున్నగా, నిదానంగా కనిపించే నీరు ఆనకట్ట దగ్గరికి వచ్చేసరికి ఎంత బలంగా లాగుతుందో ఒడ్డు మీద నిలబడిన వారికి తెలియదు.

పడవ అప్పగించేటప్పుడు అద్దెకిచ్చేవారు అరగంటో గంటో అన్నీ చూపిస్తారు. ఆ సమయంలో పిల్లల్ని ఇంకొకరికి అప్పగించి ఇద్దరు పెద్దవాళ్లు శ్రద్ధగా వినాలి. ఇంజను ఎలా ఆపాలి, రివర్సు గేరు ఎలా వేయాలి, హారను ఎక్కడుంది, వంట గ్యాసు ఎక్కడ కట్టేయాలి, లంగరు ఎక్కడుంది, దాని గొలుసు పడవకు బిగించి ఉందా అన్న ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పించుకోకుండా రేవు వదలకండి. లంగరు గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆనకట్టకు ఎగువన ఇంజను ఆగిపోతే పడవను నిలిపేది అదొక్కటే. లైఫ్ జాకెట్లు అందరికీ సరిపడా ఉన్నాయో లేదో లెక్కపెట్టి, అక్కడే తొడిగించి పట్టీలు బిగించండి. ఈత రాని వారు, పిల్లలు రోజంతా వాటిని విప్పకూడదు.

చీరె కుచ్చెళ్లు, పొడవాటి చున్నీలు మోకులకు, ఇనుప గుంజలకు తగులుకుంటాయి కనుక ఆ ఒక్క రోజుకు ఒంటికి అతుక్కుని ఉండే దుస్తులు, అడుగు జారని రబ్బరు బూట్లు వేసుకోవడం మంచిది. అరచేతులకు మందపాటి తొడుగులు ఉంటే మోకు పట్టడం సులువు. వానకోటు జులైలో కూడా ఉండాలి. భోజనం విషయానికి వస్తే పులిహోర, దద్దోజనం ఈ ప్రయాణానికే పుట్టాయేమో అనిపిస్తుంది, ఎందుకంటే ఒక చేత్తో చుక్కాని పట్టుకున్నవాడు రెండో చేత్తో తినగలగాలి, అది వేడి చేయవలసిన అవసరం కూడా ఉండకూడదు.

చివరగా, ఎవరి పని ఏమిటో ఒడ్డు మీద ఉండగానే నిర్ణయించుకోండి. ఒకరు సరంగు, అంటే పడవ నడిపేవారు. ఒకరు ముందు మోకు దగ్గర, ఒకరు వెనుక మోకు దగ్గర ఉండాలి. ముగ్గురు పెద్దలు ఉంటే ఈ ప్రయాణం హాయిగా సాగుతుంది. ఇద్దరితో కూడా సాధ్యమే గానీ అప్పుడు సరంగే వెనుక మోకు కూడా చూసుకోవాలి. లాకులో ఉన్నప్పుడు చెప్పేది ఒక్కరే, అది సరంగే అన్న మాట కూడా అప్పుడే అనుకోండి. నలుగురూ నాలుగు మాటలు అరిస్తే మోకు పట్టుకున్నవారికి ఏదీ వినపడదు.

నది మీద నడక

పడవకు బ్రేకు లేదు. ఆపాలంటే ముందు ఇంజను వేగం తగ్గించి, ఆ తరువాత రివర్సు గేరు వేయాలి. రివర్సులో ఉన్నంత సేపూ చుక్కాని మీ మాట వినదు. పొడవాటి సన్న పడవల్లో చుక్కానికి చక్రం బదులు ఒక కర్ర ఉంటుంది. దాన్ని ఎడమకు నెడితే పడవ ముందు భాగం కుడికి తిరుగుతుంది. మొదటి అరగంటలో అందరూ దీన్ని తప్పుగా తిప్పుతారు కాబట్టి, ఫాలీ బ్రిడ్జి దాటిన వెంటనే వచ్చే తిన్నని నీటి దారిలో నెమ్మదిగా అలవాటు చేసుకోండి. ఆ దారి విశ్వవిద్యాలయపు పందెపు పడవలు సాధన చేసే చోటు కూడా. తెడ్లు వేసేవారు వెనక్కి తిరిగి కూర్చుంటారు కనుక మిమ్మల్ని చూడలేరు, వారిని మీరే చూసుకోవాలి. మే నెల చివర కళాశాలల మధ్య పందేలు జరిగే రోజుల్లో అక్కడ మామూలు పడవలను గంటల తరబడి ఆపుతారు. తేదీలు ముందే చూసుకోండి.

మన దేశంలో, ఇంగ్లండులో రోడ్డు మీద ఎడమ పక్కన వెళతాం గానీ నది మీద కుడి పక్కన వెళ్లాలి. ఎదురుగా వచ్చే పడవ మీకు ఎడమ చేతి వైపు నుంచి దాటుతుంది. వంతెన కింద దారి ఇరుకుగా ఉంటే ప్రవాహంతో పాటు దిగువకు వచ్చే పడవకు ముందు దారి ఇవ్వడం ఆనవాయితీ, ఎందుకంటే వెనుక నుంచి నీరు నెట్టుతున్న పడవను ఆపడం కష్టం. నదిలో అక్కడక్కడ ఎరుపు, ఆకుపచ్చ తేలుడు గుర్తులుంటాయి. ఎగువకు వెళ్లేటప్పుడు ఎరుపు మీ ఎడమకు, ఆకుపచ్చ మీ కుడికి ఉండాలి, దిగువకు వెళ్లేటప్పుడు దీనికి తిరగేసి. మీ పడవ వెనుక లేచే అల గట్టును తాకి విరుగుతుంటే మీరు ఎక్కువ వేగంగా వెళుతున్నారని గ్రహించండి. ఆ అల బాతు గూళ్లను ముంచుతుంది, కట్టేసిన పడవల్లో పొయ్యి మీద ఉన్న గిన్నెలను ఒలకబోస్తుంది.

లాకును సమీపించడం

ప్రతి లాకుకు ముందు నది రెండు పాయలవుతుంది. ఒకటి లాకుకు, ఒకటి ఆనకట్టకు. ఒక బోర్డు లాకు దారి చూపుతుంది, రెండో పాయ మొదట్లో ‘ప్రమాదం’ అన్న ఇంగ్లీషు బోర్డు ఉంటుంది. ఆ బోర్డును చూడకుండా ఒక్క గజం కూడా ముందుకు పోకండి. శాండ్‌ఫర్డ్ దగ్గర ఆనకట్ట కింద మడుగులో మునిగిపోయిన విద్యార్థుల జ్ఞాపకంగా ఒక రాతి స్తంభం నిలబెట్టి ఉంది. దాని మీద పేర్లు ఒకరివి కావు, ఒక కాలానివీ కావు.

లాకు తలుపులు మూసి ఉన్నా, లోపల వేరే పడవ ఉన్నా, గట్టు పక్కన పడవలు ఆగడానికి వేరే చోటు కేటాయించి ఉంటుంది. అక్కడికి చాలా ముందు నుంచే వేగం తగ్గించి, మనిషి నడిచే వేగానికి తెచ్చుకోండి. గట్టుకు అడుగు దూరంలోకి వచ్చాక మోకు చేతిలో పట్టుకుని గట్టు మీదికి అడుగు వేయాలి. దూకకూడదు. దూరంగా ఉన్నదనిపిస్తే పడవనే మరో ప్రయత్నంలో దగ్గరికి తీసుకురండి, అందులో నామోషీ ఏమీ లేదు. అక్కడ వరుసలో ఎవరు ముందు వచ్చారో వారే ముందు లోపలికి వెళతారు. ఫాలీ బ్రిడ్జి దగ్గర 1858 నుంచి ఉన్న సాల్టర్స్ సంస్థ వారి పెద్ద ప్రయాణికుల పడవలు కూడా ఇదే దారిలో తిరుగుతాయి. లాకు కీపర్, అంటే లాకును నడిపే ఉద్యోగి, వాటిని ముందుగా పిలిస్తే పక్కకు తప్పుకుని దారి ఇవ్వండి.

లాకు లోపల

ఈ ప్రయాణానికి గుండెకాయ ఇదే కనుక నిదానంగా చెబుతాను.

కీపర్ చేయి ఊపాక, తలుపులు పూర్తిగా తెరుచుకున్నాక, నిదానంగా లోపలికి వెళ్లండి. ఎడమ గోడకు రావాలా, కుడి గోడకు రావాలా అన్నది ఆయన చెబుతారు. దిగువకు వెళుతున్నప్పుడు గది నిండుగా ఉంటుంది కాబట్టి పడవ అంచు, గట్టు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి, దిగడం తేలిక. ముందు మోకు, వెనుక మోకు రెండింటికీ ఒక కొస పడవకు గట్టిగా కట్టి ఉండాలి. రెండో కొసను గట్టు మీది ఇనుప గుంజ వెనుక నుంచి ఒక్కసారి తిప్పి, మళ్లీ చేతిలోకి తీసుకోవాలి. అంతే. గుంజకు ముడి వేయకూడదు, రెండు మూడు చుట్లు చుట్టకూడదు, అరచేతికి మెలివేసుకోకూడదు. ఆ తరువాత ఇంజను ఆపేయండి. లాకు లోపల ఇంజను నడపనివ్వరు.

వెనుక తలుపులు మూసుకున్నాక తూములు తెరుస్తారు. మొదట ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. తరువాత గోడ మీద ఒక తడి గీత కనిపించి, అది చూస్తుండగానే వెడల్పవుతుంది, పాచి పట్టిన రాళ్లు, వాటి సందుల్లో మొలిచిన చిన్న చిన్న ఫెర్నులు నీళ్లోడుతూ బయటపడతాయి, గట్టు మీద నిలబడినవారి చెప్పులు మీ కళ్లకు ఎదురుగా వస్తాయి. చేతిలోని మోకు మీరు లాగకుండానే వేళ్ల మధ్య నుంచి అంగుళం అంగుళం జారడం మొదలుపెడుతుంది. దాన్ని జారనివ్వాలి. మరీ వదిలేస్తే పడవ గదిలో అడ్డం తిరుగుతుంది, మరీ బిగిస్తే పడవ వేలాడుతుంది. పడవ గోడ పక్కనే ఉండేంత బిగువు, దిగడానికి అడ్డు లేనంత వదులు అన్న ఈ కొలత చేతికి తెలియాలే తప్ప మాటల్లో ఇంతకన్నా చెప్పలేను. శాండ్‌ఫర్డ్ లాకులో మొత్తం దిగుడు దాదాపు 2.7 మీటర్లు. ఒక మనిషి నిలువెత్తు కన్నా ఎక్కువ మోకు మీ చేతిలో నుంచి జారుతుందని అర్థం. అంత పొడవు మెలి పడకుండా ముందే కాళ్లకు దూరంగా పరిచి ఉంచుకోండి.

మా కుటుంబం మొదటిసారి వెళ్లినప్పుడు ఒక లాకులో వెనుక మోకు పట్టుకున్న మా బంధువు, చేయి నొప్పిగా ఉందని, గుంజకు రెండు చుట్లు వేసి ముడి పెట్టి, ఫోటో తీయడానికి ముందుకు వచ్చారు. నీరు రెండు అడుగులు దిగేసరికి పడవ వెనుక భాగం పైనే నిలిచిపోయి, ముందు భాగం కిందికి వాలి, లోపలి బల్ల మీది గిన్నెలు జారి పడ్డాయి. ముడి బిగుసుకుపోయింది, విప్పడం ఎవరి తరమూ కాలేదు. మా అరుపులు విన్న కీపర్ తూములు మూసి, తిరిగి నీరు ఎక్కించి పడవను సమానం చేశాకే మోకు వదులైంది. ఎవరికీ దెబ్బ తగలలేదు గానీ, ఆ మోకు తెగి ఉంటే చర్నాకోలలా వచ్చి ఎవరి మొహానికి తగిలేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీ మోకు ఎప్పుడైనా అలా బిగుసుకుంటే దాన్ని విప్పే ప్రయత్నం చేయకుండా ముందు గట్టిగా అరిచి నీరు ఆపించండి.

దిగేటప్పుడు జాగ్రత్త పడవలసినది ఇంకొకటి ఉంది. ఎగువ తలుపుల కింద, నీటిలో, గడప వంటి రాతి అంచు ఒకటి లోపలికి పొడుచుకుని ఉంటుంది. గది నిండుగా ఉన్నప్పుడు అది కనిపించదు. పడవ వెనుక భాగం దాని మీద ఉండగా నీరు దిగితే పడవ వెనుక ఆ గడప మీద చిక్కుకుని, ముందు భాగం కిందికి దూసుకుపోతుంది. అందుకే గోడ మీద గీసి ఉన్న హద్దు గీతకు ముందు భాగం వైపుగా మీ పడవ మొత్తం ఉన్నదని సరంగు వెనక్కి తిరిగి చూసుకోవాలి, నీరు దిగుతున్నంత సేపూ మధ్య మధ్య మళ్లీ చూసుకోవాలి.

పిల్లలు ఆ సమయంలో పడవ లోపల కూర్చోవాలి, లేదా పెద్దవారి చేయి పట్టుకుని గట్టు మీద అంచుకు దూరంగా నిలబడి చూడాలి. పడవ అంచు మీద కూర్చుని కాళ్లు వేలాడేయడం, గోడను చేత్తోనో కాలితోనో నెట్టడం ఎంత మాత్రం పనికిరాదు. కొన్ని టన్నుల బరువున్న పడవ మెల్లగా కదులుతూనే ఎముకను నలిపేయగలదు. గోడకు తగలకుండా పడవ పక్కన వేలాడదీసిన రబ్బరు దిండ్లు ఉన్నది అందుకే.

దిగువ తలుపులు పూర్తిగా తెరుచుకున్నాక ఇంజను వేసి, ముందు మోకు, తరువాత వెనుక మోకు లోపలికి లాగి, నీటిలో పడకుండా చుట్టి పెట్టి బయలుదేరండి. నీటిలో పడిన మోకు ఇంజను రెక్కలకు చుట్టుకుంటే ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

కీపర్ లేనప్పుడు

మన కాలువల మీద లస్కర్లు చేసే పనిని ఇక్కడ కీపర్లు, వారికి తోడుగా స్వచ్ఛంద సేవకులు చేస్తారు. వారు లేనప్పుడు లాకును మీరే నడుపుకోవాలని తెలిపే బోర్డు పెడతారు. ఆక్స్‌ఫర్డ్‌కు కాస్త ఎగువన ఉన్న గాడ్‌స్టో నుంచి దిగువకు ఉన్న లాకులు కరెంటుతో నడుస్తాయి కనుక, గట్టు మీద ఉన్న మీటల పెట్టె మీద రాసి ఉన్న వరుస తప్పకుండా పాటిస్తే చాలు. ఇక ఆక్స్‌ఫర్డ్‌కు ఎగువన కింగ్స్ లాకు నుంచి పైకి వెళితే చక్రాలు తిప్పి తూములు ఎత్తాలి, పొడవాటి దూలాలకు నడుము ఆనించి తలుపులు నెట్టాలి. ఏ రకమైనా వరుస ఒకటే. పడవ లోపలికి వచ్చాక వెనుక తలుపులు మూయాలి, వాటి తూములు మూసి ఉన్నాయని కంటితో చూసుకోవాలి, అప్పుడే ముందు తూములు కొద్దిగా తెరవాలి, మోకుల దగ్గర ఉన్నవారు సరే అన్నాక మిగతా తెరవాలి. బయటికి వెళ్లాక తలుపులు, తూములు మూసి పోవడం మీ బాధ్యత. తరువాత వచ్చేవారు ఎవరో మీకు తెలియదు గానీ నదిలో నీరు నిలవడం దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఎగువకు ఎక్కేటప్పుడు పని తిరగబడుతుంది. గది ఖాళీగా ఉంటుంది, గోడలు మీకు పైన ఉంటాయి, మోకును పైనున్న గుంజకు అందించాలి. నీరు వచ్చే ఉరవడికి పడవ ముందుకూ వెనక్కీ ఊగుతుంది కనుక ఈసారి మోకును వదలడం కాదు, వదులైనంత మేర లాక్కుంటూ ఉండాలి. ముందు మోకు పట్టుకున్నవారు బలమైనవారై ఉండాలి. దిగడం కన్నా ఎక్కడమే కష్టమని నా అభిప్రాయం.

మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు

ఆబింగ్డన్ లాకు దాటిన కాసేపటికి పాత రాతి వంతెన, దాని వెనుక సెయింట్ హెలెన్స్ చర్చి శిఖరం కనిపిస్తాయి. అక్కడ గట్టున పడవ కట్టి భోజనం చేయండి. ప్రవాహంతో పాటు దిగుతూ వచ్చినవారు గట్టుకు చేరేటప్పుడు, చోటు ఉంటే పడవను వెనక్కి తిప్పి ప్రవాహానికి ఎదురుగా నిలిపి కట్టడం మంచి పద్ధతి, ఎందుకంటే అప్పుడు నీరే మీకు బ్రేకులా పనిచేస్తుంది. మొదట ఎగువ వైపు మోకు కట్టాలి.

కల్లమ్ లాకు మళ్లీ లోతైనది. దానికి ముందు ఉన్న పొడవాటి, తిన్నని కాలువ 1809లో తవ్వినది. పాత నది పాయ సటన్ కోర్ట్‌నీ ఊరి వైపుగా వంక తిరిగి పోతుంది. ఆ ఊరి చర్చి ఆవరణలో, ఎరిక్ బ్లెయిర్ అన్న అసలు పేరుతో, మన బీహారులోని మోతీహారిలో పుట్టిన రచయిత జార్జ్ ఆర్వెల్ సమాధి ఉంది. లాకు దాటగానే వచ్చే సటన్ వంతెన కమానులు ఇరుకైనవి, పక్క నుంచి ఆనకట్ట నీరు వచ్చి కలుస్తుంది. అక్కడ హారను ఒకసారి మోగించి, ఎదురుగా పడవ లేదని చూసుకుని, కమాను మధ్యకు గురి పెట్టి కాస్త వేగంతో నిలకడగా వెళ్లాలి. వేగం మరీ తగ్గిస్తే చుక్కాని పట్టు పోతుంది.

క్లిఫ్టన్ లాకు తరువాత వచ్చే ఎర్ర ఇటుకల వంతెన వాస్తుశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్ రూపకల్పన. అక్కడి నుంచి డేస్ లాకు వరకు విటెన్‌హామ్ గుట్టలు ఒకసారి కుడికి, ఒకసారి ఎదురుగా కనిపిస్తూ ఉంటాయి. నది ఎంత మెలికలు తిరుగుతున్నదో వాటిని బట్టి తెలుస్తుంది. ఈ భాగంలో అందరూ అలసిపోయి ఉంటారు, ఎండ మత్తు కూడా తోడవుతుంది. సరంగును గంటకు ఒకసారి మార్చండి. ఆరో లాకులో, ఏడో లాకులో పొరపాట్లు ఎక్కువగా జరగడానికి కారణం ‘అన్నీ వచ్చేశాయి’ అన్న భావం. బెన్సన్ దగ్గరికి రాకముందే మోకుల దగ్గర ఎవరు ఉండాలో మళ్లీ ఒకసారి చెప్పుకోండి, మొదటి లాకుకు చెప్పుకున్నట్టే.

బెన్సన్ నుంచి వాలింగ్‌ఫర్డ్ దాదాపు రెండు కిలోమీటర్లు. పాత కోట శిథిలాలు కుడి గట్టున చెట్ల మధ్య కనిపించాక, అనేక కమానుల వంతెన వస్తుంది. గట్టున చోటు చూసుకుని, పడవను ప్రవాహానికి ఎదురుగా తిప్పి నిలిపి, ముందు మోకు ముందుకు సాగదీసి, వెనుక మోకు వెనక్కి సాగదీసి కట్టండి. ఇప్పుడు ముడి వేయవచ్చు. ఇనుప రింగులు లేని చోట పడవలో ఉన్న మేకులను గట్టులోకి ఏటవాలుగా దిగగొట్టి, చీకట్లో నడిచేవారు తట్టుకోకుండా వాటికి తెల్లటి గుడ్డ ముక్క కట్టండి. రాత్రి వాన పడితే నీరు పెరగవచ్చు కనుక మోకులో జానెడు వదులు ఉంచి, ఇంజను తాళం చెవి, లైఫ్ జాకెట్లు లెక్క చూసుకుని, పడుకునే ముందు టార్చిలైటు తీసుకుని రెండు ముడులనూ ఒకసారి చేత్తో తడిమి చూడండి.